అత్తయ్య వేసిన మార్కులు

చల్లగదిలో అట్టపెట్టె మీద, చలికి ముక్కు కారుతూ, ఒళ్లో పాత నోటుబుక్కుతో నన్ను వదిలేసి మీరు వారం రోజులు హాయిగా గడిపేశారు. నాకు మాత్రం ఆ తరవాత గడిచింది మూడు గంటలే. ఆ మూడు గంటల్లోనూ గుక్కెడు మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మా పరిశోధన కేంద్రంలోని ఆ చల్లగదిలో రెండువందల పన్నెండు రకాల చిక్కుడు గింజలు చిన్న చిన్న కాగితం సంచుల్లో ముప్పై రెండేళ్లుగా పడి ఉన్నాయి. వాటిని ఉంచాలా, పారేయాలా అన్నది రేపు పొద్దున పదింటికి కమిటీ కూర్చుని తేలుస్తుంది. తేల్చడానికి ఏముంది లెండి, పారేయమనే అంటుంది. వాటిలో ఒక్కదానికి కూడా తుప్పు తెగులును తట్టుకునే శక్తి లేదని ఒక మహానుభావుడు అప్పట్లోనే వ్యాసం రాసి పారేశాడు. అది చదివి దేశదేశాల శాస్త్రవేత్తలు చిక్కుడు వంక చూడటమే మానేశారు. ఆకుల మీద ఇనుప తుప్పులాంటి పొడి కనిపిస్తే మందు కొట్టుకోండని రైతులకు చెప్పి చేతులు దులుపుకున్నారు. ఆ మహానుభావుడు మా మామయ్య.

నేనూ మొక్కల జన్యుశాస్త్రమే చదివాను. కాలేజీలో నేను మొట్టమొదట బట్టీపట్టిన వ్యాసం అదే. 'నువ్వు ముందు మా నాన్న వ్యాసాన్ని ప్రేమించావు, తరవాత దయతలచి నన్ను చేసుకున్నావు' అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. మామయ్య రిటైరైన గదిలోనే, ఆయన వాడిన బల్ల దగ్గరే ఇప్పుడు నేను పనిచేస్తున్నాను.

రెండు నెలల కిందట నాకు తుప్పును పెంచడానికి బాగా జబ్బుపడే మొక్కలు కావలసివచ్చాయి. మా వృత్తిలో తెగులును ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో కొలుస్తాం. ఒకటి అంటే ఆకు మీద మచ్చ లేదని. తొమ్మిది అంటే మొక్క పోయినట్టేనని. ఇది మాకు ఎంత అలవాటంటే, కొత్తవాళ్లకి విడమరిచి చెప్పాలని కూడా తోచదు. మామయ్య వ్యాసానికి ఆధారమైన పాత టైపు జాబితా తీసి, అన్నిటికన్నా పెద్ద అంకెలున్న అయిదు రకాలు విత్తాను. మూడు మొలవనే లేదు. మొలిచిన రెండూ, ఎంత తుప్పు చల్లినా నాలుగు మచ్చలతో సరిపెట్టుకుని, నన్ను వెక్కిరిస్తున్నట్టు పచ్చగా నిలబడ్డాయి.

ఎందుకో ఇవాళ పొద్దున తెలిసింది. కమిటీ కోసం పెట్టెలు సర్దుతుంటే ఆ ఏటి అసలు నోటుబుక్కు దొరికింది. అందులో ఒకట్ల పక్కన ఎర్రసిరాతో ఇంటూ గుర్తులు. ఎనిమిదుల పక్కన టిక్కులు. నూట పద్దెనిమిదో వరసకి తొమ్మిది వేసి, టిక్కు పెట్టి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆ గుండ్రటి చేతిరాత నేను రోజూ మా ఫ్రిజ్ మీద చూస్తాను, 'పాలు, సబ్బులు, కొవ్వొత్తులు' అని. అది మా అత్తయ్యది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన పంతులమ్మ ఆవిడ.

ఇక అర్థమైపోయింది కదా? పంతులమ్మకి తొమ్మిది అంటే ఫస్టు మార్కు. మామయ్యకి తొమ్మిది అంటే చావు. ఆ అంకెల్ని టైపిస్టు కొట్టిచ్చిన జాబితాలో చూసి, మామయ్య ఒకట్లూ రెండ్లూ ఏరుకుని మరుసటేడు విత్తారు. అవన్నీ చచ్చాయి. చావక ఏం చేస్తాయి? దాంతో మొత్తం గుంపులోనే సత్తా లేదని రాసేశారు. సత్తా ఉన్నవి మాత్రం చల్లగదిలో ఉండిపోయాయి.

నోటుబుక్కు చీర కొంగులో చుట్టుకుని మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చాను. 'నా వ్యాసం తప్పు' అని మామయ్య సంతకం పెట్టిన ఉత్తరం ఉంటేనే కమిటీ ఆగుతుంది. అది ఇవాళే కావాలి. అడగాలంటే డెబ్బై నాలుగేళ్ల మనిషితో, మీ పేరు నిలబెట్టిన వ్యాసం తలకిందులైందని చెప్పాలి. దాన్ని తలకిందులు చేసింది మీ భార్యేనని కూడా చెప్పాలి. ఆ రెండు ముసలి ప్రాణాల మధ్య నేను పుల్ల పెట్టాలన్నమాట. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్పొద్దూ.

మామయ్య వెనక వరండాలో కుండీలోని మిరపమొక్క ఆకు తిప్పి భూతద్దంలో చూస్తున్నారు. అత్తయ్య ముందుగదిలో పక్కింటి పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. రిటైరై పద్నాలుగేళ్లయినా ఆవిడ చేతిలోంచి ఎర్రపెన్ను దిగలేదు.

"మామయ్యా, మీతో కాస్త మాట్లాడాలి."

"మాట్లాడు."

"ఒంటరిగా."

"ఒంటరిగానే ఉన్నాంగా. ఆవిడకి అసలే వినపడదు."

"నా చెవులు దివ్యంగా ఉన్నాయి," అని ముందుగదిలోంచి జవాబొచ్చింది.

నేను గొంతు తగ్గించాను. "చిక్కుడు వ్యాసం రాసిన ఏడు, పొలంలో తుప్పు అంకెలు వేసింది ఎవరు మామయ్యా?"

భూతద్దం ఆగిపోయింది. ఆయన నావైపు తిరగలేదు.

"నేనే," అన్నారు. భూతద్దం పక్కన పెట్టి, "నేనే అనుకో. మోటారుసైకిలు మీంచి పడి కాలు విరిగింది ఆ వారమే. ముసురు పట్టింది. ఇంకో నాలుగు రోజులాగితే అన్ని ఆకులూ కుళ్లిపోతాయి, ఏది తుప్పో ఏది కుళ్లో తెలియదు. ఏడాది పని నీళ్లపాలు. ఆసుపత్రి మంచం మీంచి డ్రైవరుతో ఇంటికి కబురు పంపాను."

"ఏమని?"

"అమ్మగారిని పొలానికి తీసుకెళ్లు, ప్రతి వరసకీ ఒకటి నుంచి తొమ్మిది దాకా వెయ్యమను అని." ఆయన మిరప ఆకు వదిలేశారు. "శిక్షణ లేని మనిషితో వేయించానని బయటపడితే పరువు పోతుందని ఎక్కడా రాయలేదు. అది తప్పే. ఇన్నేళ్ల తరవాత ఇప్పుడెందుకు తవ్వుతున్నావమ్మా?"

నోటుబుక్కు తీసి నూట పద్దెనిమిదో వరస ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన ఎర్ర టిక్కు చూశారు. వెనక్కి తిప్పి ఒక ఇంటూ చూశారు. మళ్లీ ముందుకి తిప్పారు. ఎంత తెలివైన మనిషంటే, నేను నోరు తెరిచే పని లేకుండానే ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నాకు కనిపించింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య వచ్చింది. వినపడకపోవడమా, పాడా! మొత్తం వినే వచ్చింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నా బుక్కేనా ఇది? ఎక్కడ దొరికిందే అమ్మాయ్?" ఆవిడ మొహం వెలిగిపోతోంది. చటుక్కున లాక్కుని పేజీలు తిప్పింది. "మూడు రోజులు, తెలుసా! ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పెన్ను. మోకాళ్లదాకా బురద. బడికి సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఇదిగో, ఇది చూడు, నూట పద్దెనిమిది. చుట్టూ అన్నీ ఎర్రగా మాడిపోతే ఇదొక్కటీ కడిగినట్టుండేది. దీని అందానికి తొమ్మిది కూడా తక్కువే."

"అందుకని తొమ్మిది వేశావా?" మామయ్య గొంతు ఎక్కడో లోపల్నుంచి వచ్చింది.

"బాగున్నదానికి మంచి మార్కు వెయ్యక?"

"ఒకటి అంటే?"

"ఒకటి అంటే దండగమారిది. ఏమిటండీ ఈ ప్రశ్నలు, నన్ను పరీక్ష చేస్తున్నారా?"

"ఒకటి అంటే దండగ అని నీకెవరు చెప్పారు?"

అత్తయ్య బుక్కు మూసింది. "మీరే," అంది.

"నేనా? ఎప్పుడు?"

"పెళ్లైన నెలకి. మీ ఆఫీసువాళ్లు నలుగురు ఇంటికొచ్చారు. కొత్త పెళ్లికూతురు పాడుతుందటగా అని బతిమాలితే పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలా ఉందండీ అని మిమ్మల్ని అడిగితే, పుస్తకంలోంచి తలెత్తకుండా 'ఒకటి' అన్నారు. మీవాళ్లు పగలబడి నవ్వారు. మర్నాడు సిగ్గు విడిచి అడిగాను, ఎన్నింటికి అని. 'తొమ్మిదికి' అన్నారు." అత్తయ్య ఒక వేలు ఎత్తి చూపించింది. "తొమ్మిదికి ఒకటి! మా బడిలో ఎంత మొద్దుకైనా నేను అంత తక్కువ వెయ్యను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో పాట పాడితే ఒట్టు. డ్రైవరొచ్చి ఒకటి నుంచి తొమ్మిది అనగానే, ఓహో ఈయనగారి లెక్కేగా, నాకు బాగా తెలుసులే అనుకున్నాను."

ఆరేళ్లుగా ఈ ఇంట్లో కోడలిని. ఆవిడ పాడగలదని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంకె చెప్పడానికి నోరొచ్చిన మనిషికి, ఆ పక్కన ఇంకో మాట చెప్పడానికి రాలేదా?

మామయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నిలబడ్డాక ఏం చేయాలో తెలియలేదు కాబోలు, అలాగే ఉండిపోయారు.

"మా లెక్కలో ఒకటి కన్నా మంచిది లేదే," అన్నారు. "మచ్చలేనిదానికి ఒకటి. నేను పొలంలో కూడా ఏనాడూ సులువుగా వెయ్యలేదు. నీ పాటకి వేశాను."

అత్తయ్య ఆయన్ని చూసింది. నన్ను చూసింది, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. మరుక్షణం ఆవిడ కళ్లనిండా నీళ్లు, నోటినిండా తిట్లు.

"ఆ ముక్క నలభై ఆరేళ్ల కిందట చెప్పడానికి మీ నోట్లో ఏం పెట్టుకున్నారు? మనిషేనా మీరు? నవ్వినవాళ్లెందుకు నవ్వారు మరి?"

"ఇంట్లో కూడా అంకెలేనా అని నన్ను చూసి నవ్వారు."

"నాకేం తెలుసు! నేను పాడలేదని మీకు ఒక్కరోజైనా అనిపించలేదా?"

"అనిపించింది," అన్నారాయన. "నేనంటే ఇష్టం లేదనుకున్నాను."

ఈ మాటకి అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఆయన భుజం మీద బుక్కుతో ఒక్కటేసింది. నేను మిరపమొక్క వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఒక పక్క ఇంత సంతోషం, ఇంకో పక్క గడియారం మూడు దాటుతోంది. సంతోషాన్ని చూసి కమిటీ ఆగదు కదా.

నేను గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు. మామయ్యే కుర్చీలో కూలబడి, "ఆరువందలమంది," అన్నారు మెల్లగా. "నా వ్యాసం చూపించి ఆరువందలమంది తమ వ్యాసాలు రాశారు. ఒక్కడు కూడా మళ్లీ విత్తి చూడలేదు. నేను చెప్పానని నమ్మారు. ఎన్ని పొలాల్లో ఎంత మందు కొట్టించానో." ఆయన చెయ్యి చాచారు. "కాగితం ఇవ్వమ్మా."

ఉత్తరం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కమిటీ అధ్యక్షుడికి, వ్యాసం అచ్చువేసిన పత్రికకి, ఇద్దరికీ కలిపి ఒకటే. 'కొలతల్లో నా వల్ల జరిగిన పొరపాటు' అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజం మీంచి చదువుతున్న అత్తయ్య అడ్డుపడింది.

"మీ వల్లేమిటి? వేసింది నేను. నా పేరు రాయండి."

"నిన్నెందుకు లాగడం? నలుగురూ నీ గురించి నవ్వుతారు."

"లాగండి. ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో డ్రైవరున్నాడు. టైపిస్టున్నాడు. పంపు బాగుచేసినవాడు కూడా ఉన్నాడు. మూడు రోజులు వానలో తడిసినదాన్ని, నేను లేను. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు తప్పుకైనా సరే, నా పేరు అచ్చులో పడాల్సిందే."

మామయ్య రాసినదాన్ని కొట్టేసి, పూర్తి పేరు, ఆవిడ డిగ్రీతో సహా రాశారు. దానికింద ఇంకో వాక్యం రాసి నాకు చూపించారు. 'అంకెలు వేసిన వ్యక్తి ప్రతి మొక్కనూ సరిగ్గానే చూశారు. ఆ అంకెలను తలకిందులుగా చదివినవాడిని నేను.' సంతకం పెట్టి, దాని కింద తిన్నగా గీత గీశారు. నా జీవితంలో ఎందరో శాస్త్రవేత్తల్ని చూశాను. అంత పెద్దమనిషిని చూడలేదు.

ఆ గొప్పతనంలో నేను మునిగి ఉండగానే ఆయన మళ్లీ పాత మామయ్య అయిపోయారు.

"ఉత్తరం ఒక్కటే చాలదు. మొక్కేది, చూపించు అంటాడు అధ్యక్షుడు. నేనైతే అదే అంటాను. నువ్వు విత్తిన అయిదింటిలో నూట పద్దెనిమిది ఉందా?"

"ఉంది."

"ఎలా ఉంది?"

నేను నేలచూపులు చూశాను. దాచి ఏం లాభం? "మొలవలేదు మామయ్యా. మొలిచినవి రెండూ ఎనిమిది మార్కులవి."

"మళ్లీ విత్తు. సంచిలో ఇంకా ఉంటాయిగా."

"లేవు. మొత్తం సంచి కుమ్మరించేశాను."

ఆయన పెన్ను కింద పెట్టారు.

"అన్నిటికన్నా పనికిరానిది కదా అనుకున్నాను," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "జబ్బు పెంచుకోవడానికే కదా, ఎందుకు దాచడం అనుకుని..."

"సంచి ఖాళీ చేశావా? గింజలు చూసే మనిషివై ఉండి, సంచి అడుగుదాకా ఖాళీ చేశావా?" ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎంత పనికిరానిదైనా పదిగింజలు మిగల్చాలని మొదటిరోజు చెబుతామే!"

నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దుట్నుంచీ ఆయన తప్పు ఎలా చెప్పాలా అని తెగ మథనపడిపోయాను. నా తప్పు అంతకన్నా పెద్దది. ఆయన గింజల్ని వదిలేశారు, అంతే. నేను చేజేతులా చంపేశాను. చెంపలమీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"అమ్మాయిని ఏడిపించకండి," అంది అత్తయ్య. ఆవిడ మొహంలో ఏదో తప్పుచేసి దొరికిపోయిన వాలకం. "నేనొకటి చెబుతాను. కోప్పడనంటే చెబుతాను."

"ఇంకా ఏం మిగిలింది చెప్పడానికి?" అన్నారు మామయ్య.

"కోతలప్పుడు మళ్లీ వెళ్లాను పొలానికి. నూట పద్దెనిమిది కాయలు నాలుగు కొంగున కట్టుకొచ్చాను."

"ప్రయోగం పొలంలోంచి దొంగతనం చేశావా?"

"దొంగతనమే. ఏం చేస్తారో చేసుకోండి. ఫస్టు వచ్చినవాడికి బహుమతి ఇవ్వకుండా ఎలా వదిలేస్తాం? తెచ్చి మా బడి కంచెకి పాకించాను. నాలుగో తరగతికి మొలకల పాఠం ఉంటుంది కదా, గ్లాసులో తడిదూది పెట్టి గింజ వేస్తారే, దానికి ఏటా ఆ గింజలే. నేను రిటైరయ్యేదాకా నేనే కోసి డబ్బాలో పోసేదాన్ని."

చిక్కుడు తన పువ్వులో తానే కాయ కట్టుకుంటుంది, పక్కదానితో కలవదు. ఎన్నేళ్లు, ఎన్ని తరాలు పాకినా అది నూట పద్దెనిమిదే. ఈ సంగతి నాకూ తెలుసు, మామయ్యకీ తెలుసు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. "ఫోను, ఫోను!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఒకప్పుడు అత్తయ్య దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. స్పీకర్ పెట్టించి బల్ల చుట్టూ ముగ్గురం వంగాం.

"కంచె ఎక్కడిది టీచర్? తీసేసి గోడ కట్టి అయిదేళ్లయింది," అంది ఆవిడ.

నేను తల పట్టుకున్నాను. అత్తయ్య మాత్రం తొణకలేదు. "డబ్బా ఉందా?"

"డబ్బా ఉంది. గింజలు అయిపోయాయి. అడుగున ఉన్నవన్నీ ఈసారి పిల్లలకి పంచేశాం టీచర్. తలా ఒకటి, ముప్పై నాలుగు."

"మొలిచాయా?"

"మొలవకపోవడమేమిటి! ముప్పై నాలుగింటికి ముప్పై ఒకటి. కిటికీ నిండా ఎంత ముచ్చటగా ఉన్నాయో. జానెడు పొడుగయ్యాయి."

అత్తయ్య నా చెయ్యి నొక్కింది. మామయ్య కళ్లు మూసుకున్నారు. నాకు నవ్వాలో ఎగిరి గంతేయాలో తెలియలేదు. ముప్పై ఒకటి! ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలు, నాలుగో తరగతి కిటికీలో!

"అమ్మా, వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వకు," అన్నారు మామయ్య ఫోనులోకి వంగి. "మేం ఇప్పుడే బయల్దేరి వస్తున్నాం."

"ఇప్పుడు బళ్లో ఏవీ లేవండీ. పాఠం అయిపోయింది కదా, ఎవరి మొక్క వాళ్లు పెరట్లో నాటుకోండని నిన్న సాయంత్రమే పిల్లలకి ఇచ్చి పంపేశాను." భయంభయంగా అడిగింది. "ఏమైంది టీచర్? వాళ్లలో ఇద్దరు ముగ్గురి ఇళ్లల్లో మేకలున్నాయి, అదేమైనా ఇబ్బందా?"

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఎర్రపెన్ను మూత తీసింది.

"ఇబ్బందే. హాజరుపట్టీ తీసుకురా. మేకలున్న ఇళ్లు ముందు చెప్పు."